తమ్ముణ్ణి గ్యాంగులోంచి బయటికి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మా తమ్ముడికి పదిహేడేళ్లు. నాన్న పోయాక గ్యాంగుతో తిరుగుతున్నాడు. మొన్న కొత్త ఫోను తెచ్చి "అన్న కొనిచ్చాడు" అన్నాడు. తిడితే ఇంకా దూరమవుతున్నాడు.

జవాబు: తిట్టకండి అక్కా. నేనూ అలా చేరినవాణ్ణే. డబ్బు కోసం కాదు, ఎవరైనా కొట్టడానికొస్తే నా వెనక నిలబడేవాళ్లు ఉంటారని. ఆ ఫోను ఊరికే ఇచ్చింది కాదు, అప్పు. రేపు "ఈ సంచీ ఫలానా చోట ఇచ్చిరా" అంటారు, కాదనలేడు. నేను ఒక్కసారిగా తెంచుకోలేదు. తెల్లవారుజామున వెళ్లాల్సిన పనిలో చేరాను. రాత్రి పిలుపులు వాటంతటవే తగ్గాయి.

మరొకరు: నిజం, పని దొరకాలి. లాస్ ఏంజెలెస్‌లో ఫాదర్ గ్రెగ్ బాయిల్ 1988లో మొదలుపెట్టిన హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్ అనే సంస్థ గ్యాంగు వదిలి వచ్చినవాళ్లకి ఉద్యోగం ఇస్తుంది, గ్యాంగు పచ్చబొట్లు కూడా ఉచితంగా తీసేస్తుంది.

ప్రశ్న: మానేస్తానంటే బెదిరిస్తారేమో?

జవాబు: బెదిరిస్తే కొన్నాళ్లు దూరపు బంధువుల ఇంట్లో ఉంచండి. మీరు మాత్రం ఆ గ్యాంగువాళ్లతో మాట్లాడ్డానికి వెళ్లొద్దక్కా.