యూకేజీ పాపకు సైట్ వర్డ్స్: ఏడుపు లేకుండా నేర్పేదెలా?

ప్రశ్న: యూకేజీ పాప అమ్మ, మారతహళ్ళి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, బెంగళూరు వచ్చి నాలుగేళ్ళయింది. పాపకు ఐదున్నరేళ్ళు. స్కూల్ వాళ్ళు ప్రతి సోమవారం పది సైట్ వర్డ్స్, అంటే చూడగానే చదివేయాల్సిన ఇంగ్లిష్ పదాలు, ఉన్న కాగితం పంపుతారు, శుక్రవారం ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తారు. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడున్నర. అన్నం పెట్టి కార్డులు తీశానో లేదో, పాప దాహం అంటుంది, నిద్ర అంటుంది, చివరికి ఏడుస్తుంది. కష్టపడి గురువారానికి వచ్చిన పదాలు మళ్ళీ సోమవారానికి ఉండవు. 'వాజ్' (was) చూపిస్తే 'సా' (saw) అంటుంది. 'సెడ్' (said) అనే పదాన్ని కూడబలుక్కుని 'సాయిడ్' అని చదువుతుంది. పోయిన వారం ఓపిక పోయి గట్టిగా అరిచాను. అప్పటినుంచి ఆ కార్డుల కవరు కనిపిస్తే చాలు, మంచం కిందకి దూరుతోంది. నాకు చాలా బాధగా ఉంది.

తెలుగు మాత్రం మా అమ్మ ఫోన్‌లో చెబుతుంటే హాయిగా నేర్చుకుంటోంది. 'అమ్మ', 'ఆవు', 'ఇల్లు' చదివేస్తుంది. ఆటలతో నేర్పవచ్చని అందరూ అంటారు. ఏ ఆటలు, రోజుకు ఎంతసేపు? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

జవాబు: ఇద్దరు పిల్లల నాన్న, కేఆర్ పురం

మేడమ్, ముందు ఆ కవరును అటక మీద పెట్టేయండి. ఆ కార్డులు ఇక వద్దు, కొత్తవి రాసుకోవచ్చు.

మా పెద్దవాడికి కుదిరిన ఆట చెబుతాను. ఐదు పదాలు పెద్ద అక్షరాలతో రాసి, వాడి ఎత్తుకు గోడ మీద అంటించాను. చేతికి విసనకర్ర ఇచ్చాను. నేను పదం పలుకుతాను, వాడు దాని మీద టప్పున కొట్టాలి. తర్వాత వంతు మారుతుంది. వాడు పలుకుతాడు, నేను కొట్టాలి. నేను కావాలని వేరే పదం మీద కొడితే "నాన్నా, అది కాదు!" అని గంతులేసేవాడు. మన తప్పు పట్టుకోవాలంటే చదివి తీరాలి కదా. ఐదు నిమిషాలు చాలు. ఇంకా ఆడదామని వాళ్ళు అడుగుతుండగానే ఆపేయండి.

జవాబు: రిటైర్డ్ ప్రైమరీ టీచర్, జేపీ నగర్

అమ్మా, నేను ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకు చెప్పాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఆటలకు ముందు ఒక మాట చెప్పాలి. 'సాయిడ్' అని చదివిందంటే మీ పాప బాగానే చదువుతోంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. ఆ పద్ధతినే పాప ఇంగ్లిష్‌కూ వాడింది. దయచేసి ఆ కూడబలుక్కునే అలవాటును మాన్పించకండి. పెద్ద తరగతుల్లో కొత్త పదం ఎదురైతే దాంతోనే చదవాలి.

ఎడ్వర్డ్ డాల్చ్ అనే అమెరికా ప్రొఫెసర్ 1936లో పిల్లల పుస్తకాల్లో మాటిమాటికీ వచ్చే 220 పదాలు ఏరి పెట్టారు. 95 నామవాచకాలు విడిగా ఉన్నాయి. ఇప్పటికీ చాలా స్కూళ్ళు పంపే కాగితాల్లో ఎక్కువ పదాలు అవే. అందులో మొదటి మెట్టుకు ఉన్నవి 40 పదాలే. ఈ లెక్కన వారానికి పది అంటే నెలలోనే ఆ మెట్టు అయిపోతుంది. ఐదున్నరేళ్ళ పిల్లకు అది పరుగే.

సైట్ వర్డ్స్ అంటే బొమ్మను గుర్తుపట్టినట్టు మొత్తం పదాన్ని బట్టీ పట్టాలని చాలామంది అనుకుంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే చెప్పాను. నిజానికి వాటిలో చాలా పదాలు శబ్దాలు కలిపితే వచ్చేస్తాయి. 'ఇన్', 'ఇట్', 'క్యాన్', 'రన్', 'బిగ్', 'హెల్ప్' అన్నీ అలాంటివే. అందుకే కాగితం రాగానే రెండు కుప్పలు చేయండి. మాట వినే పదాలు ఒకటి, మొండి పదాలు ఒకటి. మొండి పదంలో కూడా అన్ని అక్షరాలూ మొండివి కావు. 'సెడ్'లో ఎస్, డి తిన్నగానే పలుకుతాయి. మధ్యలో ఏ, ఐ రెండూ కలిసి 'ఎ' అంటున్నాయి, అంతే. ఆ రెండింటి కింద పాప చేతే ఎర్ర పెన్సిల్‌తో గీత గీయించండి. గుర్తుపెట్టుకోవాల్సింది ఆ గీత మేరకే. మొండివి వారానికి రెండు, మహా అయితే మూడు.

శబ్దాలు చెప్పేటప్పుడు మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. 'బ', 'గ', 'ర' అని అచ్చు కలిపి పలుకుతాం. 'బ, ఇ, గ' అంటే 'బిగ్' ఎలా వస్తుంది? పొల్లు పెట్టి పలకండి: బ్, ఇ, గ్. పాపకు తెలుగు పొల్లు పరిచయం చేస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది.

'వాజ్', 'సా' రెండూ ఒకే వారంలో పెట్టకండి. మొదటి అక్షరం కింద పచ్చ చుక్క పెట్టి, వేలు అక్కడినుంచే బయల్దేరాలని చెప్పండి. ఐదారేళ్ళ పిల్లలు ఇలా తారుమారుగా చదవడం మామూలే, ఇప్పుడు టెన్షన్ వద్దు. రెండో తరగతి దాటుతున్నా ఇలాగే ఉంటే కన్ను, చెవి చూపించి, చదువు ఇబ్బందులు చూసే నిపుణులను కలవచ్చు.

ఇక ఆట. అష్టాచెమ్మా ఉందా? చాక్‌పీస్‌తో నేల మీద గీసినా సరే. 25 గళ్ళలో మధ్య ఇల్లు వదిలేస్తే 24 మిగులుతాయి. ఆరు పదాలు తీసుకుని ఒక్కోటి నాలుగేసి గళ్ళలో రాయండి. గవ్వలు వేయాలి, కాయ ఏ గడిలో ఆగితే ఆ పదం చదవాలి. రాకపోతే మీరు చెప్పండి, పాప తిరిగి పలికితే చాలు. కాయను మాత్రం వెనక్కి పంపకండి. ఒక్క ఆటలో ఒకే పదం ఎన్నిసార్లు కంటపడుతుందో మీరే చూస్తారు. ఆరింట్లో నాలుగు పాపకు బాగా వచ్చినవే పెట్టండి. ఎక్కువసార్లు తనే గెలవాలి.

ప్రశ్న: యూకేజీ పాప అమ్మ, మారతహళ్ళి

టీచర్ గారూ, చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప తప్పు చేయడం లేదని ఇంతవరకు ఎవరూ నాతో అనలేదు. ఇంకో సందేహం. 'ద', 'టు', 'ఇన్' లాంటివి వస్తే "అంటే ఏంటమ్మా?" అని అడుగుతుంది. ఏం చెప్పాలి?

జవాబు: ఒకటో తరగతి బాబు అమ్మ, వైట్‌ఫీల్డ్

అక్కా, ఇది నేను చెబుతాను, మా బాబూ ఇక్కడే ఆగిపోయాడు. 'ద'కు తెలుగులో మాటే లేదు. 'ఇన్' అంటే 'లో', 'టు' అంటే 'కి' అన్నా, మనకు అవి పేరుకు వెనకాల అతుక్కుని వస్తాయి: డబ్బాలో, బడికి. ఇంగ్లిష్‌లో ముందే విడిగా నిలబడతాయి. అందుకే ఉత్త కార్డు మీద ఆ పదం పిల్లలకు ఏమీ చెప్పదు. నేను అర్థం చెప్పడం మానేసి చేయించాను. ఒక బంతి, ఒక స్టీలు డబ్బా. 'ఇన్' కార్డు చూపిస్తే బంతి డబ్బాలో వేయాలి, 'ఆన్' చూపిస్తే మూత మీద పెట్టాలి, 'అండర్' చూపిస్తే డబ్బా కింద దాచాలి. 'ద'ను మాత్రం వేరే పదంతో కలిపే చదివించాను, 'ద బాల్', 'ద బాక్స్' అని.

సమయం లేదన్నారు కదా, బయట తిరిగేటప్పుడు కూడా దొరుకుతాయి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ దగ్గర 'అప్', 'డౌన్' రాసి ఉన్నాయేమో చూడండి, రెండూ డాల్చ్ పదాలే. బెంగళూరులో ఏ సందులో నడిచినా టు లెట్ బోర్డులు వేలాడుతుంటాయి. 'టు' ఎన్ని దొరికాయో లెక్కపెట్టడం మా బాబుకు సాయంత్రం ఆట. 'ఫర్ సేల్' దొరికితే రెండు మార్కులు.

జవాబు: ఇద్దరు పిల్లల నాన్న, కేఆర్ పురం

టు లెట్ ఆట చాలా బాగుంది, రేపే మొదలుపెడతాం. పిల్లలు ఎక్కువమంది ఉంటే తంబోలా ఆడించండి. అంకెల బదులు తొమ్మిది పదాలు రాసిన చీటీలు, కొట్టేయడానికి శనగగింజలు. మాదగ్గర కన్నడ, తమిళ పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. మొబైల్ యాప్ మాత్రం మాకు పనికిరాలేదు. బొమ్మ గెంతుతుంటే వాడు బొమ్మనే చూశాడు, పదాన్ని కాదు.

జవాబు: రిటైర్డ్ ప్రైమరీ టీచర్, జేపీ నగర్

ఆటలో వచ్చిన పదం పుస్తకంలో కూడా కనబడాలమ్మా, లేకపోతే అది గోడ మీదే ఉండిపోతుంది. మీరు అడిగిన 'మళ్ళీ సోమవారానికి పోతాయి' అన్నదానికి నేను చూసిన కారణం ఇదే. బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ దొరికేవి చాలా ఉన్నాయి. రాత్రి ముందు తెలుగులో చదివి వినిపించండి, కథ తెలిసిపోతుంది. తర్వాత ఇంగ్లిష్ కథ మీరు చదవండి. ఆ వారం పదం వచ్చిన చోట వేలు పెట్టి ఆగండి, ఆ ఒక్కటీ పాప చదువుతుంది. పది నిమిషాలు మించకూడదు.

మూడు వారాల తర్వాత: యూకేజీ పాప అమ్మ, మారతహళ్ళి

అందరికీ ధన్యవాదాలు. ముందు క్లాస్ టీచర్‌కు డైరీలో రాశాను, మా పాపకు వారానికి ఐదు పదాలే చదివిస్తామని. ఆవిడ సరేనన్నారు. అడగడానికి ఇన్నాళ్ళు ఎందుకు భయపడ్డానో! విసనకర్ర ఆట మొదటి రోజే పట్టాలెక్కింది. అష్టాచెమ్మా కోసం మా అమ్మ ఊరినుంచి గవ్వలు పంపింది, ఇప్పుడు ఆదివారం పాప, వాళ్ళ నాన్న గంటసేపు ఆడుతున్నారు. 'సెడ్' వచ్చేసింది. 'వాజ్' దగ్గర ఇంకా పచ్చ చుక్క వెతుక్కుంటోంది. నిన్న కూరగాయలకు వెళ్తే టు లెట్ బోర్డు చూసి 'టు' చదివి, పక్క పదాన్ని "ల్, ఎ, ట్" అని తనే కలుపుకుని చదివింది. అది నేను నేర్పలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. అంకె రెండుకు రాసే 'టూ'లో మధ్యన డబ్ల్యూ ఎందుకుందని అడుగుతోంది.

జవాబు: రిటైర్డ్ ప్రైమరీ టీచర్, జేపీ నగర్

మంచి ప్రశ్న అడిగింది, నా తరఫున ముద్దు పెట్టండి. పూర్వం ఆ డబ్ల్యూను పలికేవారు, ఇప్పుడు పలకడం పోయి రాయడం మిగిలింది. 'ట్విన్స్', 'ట్వెల్వ్', 'ట్వెంటీ' దాని చుట్టాలే, వాటిలో ఆ శబ్దం ఇంకా వినబడుతుంది. నాలుగూ ఒకదాని కింద ఒకటి రాసి, డబ్ల్యూ కింద ఎర్ర గీత పాప చేతే గీయించండి.