అప్‌డేట్: వాటర్ రాకెట్ లాంచర్ లీకు ఆగింది

రెండు వారాల కిందట అడిగాను కదా, మా పాప కోసం చేసిన లాంచర్‌లో (నీళ్ళు పోసిన కూల్‌డ్రింక్ సీసాలోకి పంపుతో గాలి కొట్టి, రాకెట్‌లా పైకి వదిలేది) గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ దాటకముందే సీసా మూతి దగ్గర నీళ్ళు చిమ్మేస్తున్నాయని. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. కారణం దొరికింది.

పంపు, వాల్వు మార్చాను గానీ వాటికీ దీనికీ సంబంధం లేదు. తప్పంతా సీసా మూతిలోకి దూరే పైపుదే. డాబాగార్డెన్స్‌లో ప్లంబింగ్ షాపాయన చూడగానే "ఇది సీపీవీసీ అండీ" అన్నారు. వేడినీళ్ళకు వాడే సీపీవీసీ, చన్నీళ్ళకు వాడే యూపీవీసీ ప్లాస్టిక్ పైపులు రెండూ అరంగుళమే అంటారు గానీ, సీపీవీసీ బయటి కొలత సుమారు 16 మి.మీ., యూపీవీసీది 21.3. కూల్‌డ్రింక్ సీసా మూతి లోపల దాదాపు 22. అంత సందులో టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా ఒత్తిడికి జారిపోతుంది.

యూపీవీసీ ముక్క తెచ్చి, మీలో ఒకరు చెప్పినట్టే ఆకురాయితో చుట్టూ గాడి తీసి ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) కూర్చాను. గాడి కొంచెం కొంచెంగా తీయండి, లోతెక్కువైతే రింగు వదులైపోతుంది. సబ్బునీళ్ళు రాసి తొడిగితే సీసా కిర్రుమంటూ బిగిసింది. సీసా మెడను పట్టి ఉంచే జిప్ టైలు, వాటి మీద జారే కాలరు (తాడుతో లాగితే సీసాను వదిలే గొట్టం ముక్క) పాతవే.

నిన్న పొద్దున్నే భీమిలి ఇసుకలో పాతి, సీసాలో మూడోవంతు నీళ్ళు పోసి 50 పీఎస్ఐ ఎక్కించాం. ఒక్క చుక్క కారలేదు. ఆరు మీటర్ల దూరం నుంచి పాపే తాడు లాగింది. దాని కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.