కాలిఫోర్నియా జనరల్ ఎలక్ట్రీషియన్ పరీక్ష – ఎలా చదవాలి, పాసయ్యాక కార్డు ఎలా కాపాడుకోవాలి?

ఐటీఐ_తమ్ముడు:
అందరికీ నమస్తే. నేను ఇండియాలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశా, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి నాలుగేళ్లుగా శాక్రమెంటో దగ్గర ఒక సీ-10 (ఎలక్ట్రికల్ లైసెన్సు ఉన్న) కాంట్రాక్టర్ దగ్గర ట్రైనీ కార్డు మీద పని చేస్తున్నా, రాత్రుళ్లు క్లాసులు కూడా అవుతున్నాయి. లెక్కేస్తే 7,600 గంటలు అయ్యాయి, ఇంకో 400 అయితే స్టేట్ సర్టిఫికేషన్‌కి అప్లై చేద్దామని. పని గురించి భయం లేదు గానీ పరీక్షే భయం, ఇంగ్లీషులో ప్రశ్న చదివి అర్థం చేసుకునేసరికే టైమ్ అయిపోతుందేమో అని. కోడ్ బుక్ (ఎన్‌ఈసీ, అంటే ఇక్కడి వైరింగ్ రూల్స్ పుస్తకం) కొన్నా, ఇటుక లాగా ఉంది, రెండు వారాలు కూర్చొని రంగురంగుల ట్యాబులు అతికించా, ఇప్పుడది పెళ్లి పందిరిలా ఉంది. పాసైనవాళ్లు ఎన్ని నెలలు చదివారు, ఏ చాప్టర్లు ముఖ్యం? ఇంకోటి, పాసయ్యాక మూడేళ్లకోసారి రెన్యువల్ అంట కదా, దానికి మళ్లీ పరీక్ష రాయాలా?

పైపు_బెండర్:
తమ్ముడూ నవ్వొస్తోంది, ఏమనుకోకు. ట్యాబులన్నీ అతికించావు సరే, కానీ పరీక్ష హాల్లో నీ పుస్తకం లోపలికి రానివ్వరు, పరీక్ష పెట్టే కంపెనీ పీఎస్ఐ వాళ్లే వాళ్ల కాపీ ఇస్తారు, అందులో ట్యాబులుండవు. నేనూ నీలాగే చేసి మొదటిసారి 64 తెచ్చుకున్నా, పాస్ 70. మళ్లీ రాయడానికి 60 రోజులు ఆగాలి, మళ్లీ 100 డాలర్లు కట్టాలి, ఆ రెండు నెలలూ ఇంట్లో నా మొహం చూడాల్సింది.

రెండోసారి చేసింది ఒక్కటే, ట్యాబులన్నీ పీకేసి ఇండెక్స్‌తో వెతకడం అలవాటు చేసుకున్నా. 100 ప్రశ్నలు, నాలుగున్నర గంటలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల నలభై సెకన్ల చిల్లర. అక్కడ ఎవడూ నిన్ను ఓమ్స్ లా గురించి పెద్దగా అడగడు, ఆ టేబుల్ ఎక్కడుందో ఎంత తొందరగా పట్టుకుంటావన్నదే అసలు పరీక్ష. ఇంగ్లీషు భయం కూడా సగం అందులోనే పోతుంది, ఎందుకంటే ప్రశ్నలో వాడిన మాటే ఇండెక్స్‌లో ఉంటుంది, ఆ మాట పట్టుకుంటే చాలు.

ఒకటి చెప్తా చూడు. బాక్సులో 12 గేజ్ వైర్లు నాలుగు, గ్రౌండ్ వైర్లు రెండు, ఒక రిసెప్టకిల్ (ప్లగ్ సాకెట్), బాక్సు లోపలే వైర్లు పట్టే క్లాంపులు, బాక్సు సైజు ఎంత కావాలి అని అడుగుతాడు. వైర్లు నాలుగు, గ్రౌండ్లు రెండున్నా కలిపి ఒకటే, క్లాంపులు ఎన్నున్నా ఒకటే, రిసెప్టకిల్ మాత్రం రెండు, మొత్తం ఎనిమిది. 12 గేజ్‌కి ఒక్కోదానికి 2.25 క్యూబిక్ ఇంచులు, ఎనిమిదింతలు 18. నువ్వు రోజూ గోడలో పెట్టే 18 క్యూబిక్ ఇంచుల ప్లాస్టిక్ బాక్సు ఉంది కదా, కరెక్టుగా దానికి సరిపోయింది, ఇంకో వైరు పడితే ఫెయిల్. చేత్తో చేసేదే, పేపర్ మీద మాత్రం తడబడతాం.

మూడో_ఫేజు:
పైపు_బెండర్ గారు చెప్పింది నిజమే గానీ, పరీక్ష సంగతి తర్వాత, ముందు నీ గంటలు చూసుకో తమ్ముడూ. ఆ 7,600లో ఇళ్ల పని ఎంత, కమర్షియల్ ఎంత? జనరల్‌కి 8,000 గంటలు అంటారు గానీ అన్నీ ఒకే రకం పనిలో ఉంటే కుదరదు, రెండు మూడు రకాల పనుల్లో ఉండాలి, ఒక్కో రకానికి పైన లిమిట్ ఉంది. ఇళ్ల వైరింగ్ 3,000 వరకే లెక్క, స్టోర్ రూమ్‌లో సామాను సర్దినవి 300 వరకే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నేను చేరిన కొత్తలో ఉన్న కంపెనీలో ఏడాదిన్నర మొత్తం గోడౌన్‌లోనే తిప్పారు, అప్పుడు తెలియలేదు, అప్లికేషన్ నింపేటప్పుడు తెలిసి కళ్లనీళ్లొచ్చాయి.

ఇంకోటి, పాత కంపెనీ వాడు లెటర్ ఇస్తాడులే అని ఊరుకోకు. నేను పని చేసిన ఒకటి మూతపడింది, ఓనరు ఫోన్ ఎత్తడు. సోషల్ సెక్యూరిటీ నుంచి ఎస్ఎస్ఏ-7050 ఫారం మీద సంపాదన వివరాలు తెప్పించుకున్నా, అందులో ఏ యజమాని దగ్గర ఎంత జీతం అన్నది వస్తుంది. గంటలు రావు, కానీ అక్కడ పని చేశావన్నదానికి రుజువు అదే. వచ్చేసరికి టైమ్ పడుతుంది, ఇప్పుడే పెట్టు. పే స్టబ్బులు కూడా పారేయకు.

ఐటీఐ_తమ్ముడు:
అక్కా గుండె జారిపోయింది. నా 7,600లో దాదాపు 5,500 ఇళ్లవే, మిగతావి రెండు ఆఫీసు రీమోడల్స్, ఒక గోడౌన్ లైటింగ్. అంటే నాకు లెక్కలోకొచ్చేవి 5,100 మాత్రమేనా?

మూడో_ఫేజు:
అంతే. కంగారు పడకు, పోయినవేం లేవు. రెసిడెన్షియల్ ఎలక్ట్రీషియన్ అని వేరే సర్టిఫికేషన్ ఉంది, దానికి 4,800 గంటలు చాలు, నీకు ఇప్పటికే దాటాయి. కావాలంటే ముందు అది రాసి చేతికి ఒక కార్డు తెచ్చుకో, తర్వాత ఫోర్‌మన్‌ని బతిమాలి కమర్షియల్ సైట్‌కి మారు, జనరల్ మెల్లగా రాయొచ్చు. రెండుసార్లు ఫీజు దండగ అనుకుంటే ఆగు, అది నీ ఇష్టం. అప్లికేషన్ 75, పరీక్ష 100, కలిపి 175 డాలర్లు. ట్రైనీగా ఉన్నంత కాలం సర్టిఫైడ్ మనిషి నీ పక్కనుండాలి, ఒక్కడికి ఒక్కడే, అందుకే చిన్న కంపెనీలు ట్రైనీని ఎక్కడంటే అక్కడికి పంపలేవు. కార్డుంటే ఆ బాధ పోతుంది, జీతం అడిగే నోరూ వస్తుంది.

పైపు_బెండర్:
ఇది నాకు తట్టనే లేదు, అక్కకి దండం. నాకు మొదట్నుంచీ షాపింగ్ మాల్ పనులే కాబట్టి లిమిట్ గుర్తు రాలేదు.

తమ్ముడూ చాప్టర్లు అడిగావు కదా. కోడ్ బుక్‌లో ఆర్టికల్ 250, గ్రౌండింగ్ మీద ఎక్కువ కూర్చో, మనం ఎర్తింగ్ అని నేర్చుకున్నదానికీ దీనికీ మాటలు వేరు. అందులో 250.66, 250.122 రెండు టేబుళ్లు కలిపేసుకుంటే అయిపోయావు. ఒకటి ఎర్త్ రాడ్డు, నీళ్ల పైపు వైపు వెళ్లే వైరుకి, అది సర్వీస్ వైరు (బయటి నుంచి ఇంటికి కరెంటు తెచ్చేది) సైజు చూసి. రెండోది పరికరాలతో పాటు నడిచే గ్రౌండ్ వైరుకి, అది బ్రేకర్ చూసి. 2/0 సైజు కాపర్ సర్వీస్ వైరుకి మొదటిదాంట్లో 4 గేజ్ కాపర్ వస్తుంది, 200 ఆంప్స్ బ్రేకర్‌కి రెండోదాంట్లో 6 గేజ్ వస్తుంది. ఆప్షన్లలో రెండూ పెడతాడు, వాడికి తెలుసు మనం ఎక్కడ పడతామో.

ఇంటి లోడ్ లెక్క కూడా తప్పకుండా వస్తుంది. 2,000 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి 3 వీఏ (వోల్ట్-ఆంప్స్, లోడ్ కొలత) అంటే 6,000, వంటింటి సర్క్యూట్లు రెండు, లాండ్రీ ఒకటి, ఒక్కోటి 1,500, మొత్తం 10,500. మొదటి 3,000 పూర్తిగా, మిగతా 7,500లో 35 శాతం, అంటే 2,625, కలిపితే 5,625 వీఏ. మోటార్లలో వైరు సైజు నేమ్‌ప్లేట్ చూసి చేయకు, పుస్తకంలో టేబుల్ ఉంటుంది, దాన్ని 125 శాతం చెయ్యి. పాత నోట్సులు జాగ్రత్త, ఇంటి లోడ్ 2017 ఎన్‌ఈసీలో 220.12 కింద ఉండేది, 2023కి వచ్చేసరికి 220.41 అయ్యింది. పరీక్ష బుక్ చేసే ముందు ఏ ఎడిషన్ మీదో చూసుకో, 2026 జనవరి నుంచి కాలిఫోర్నియా కోడ్ కొత్తది నడుస్తోంది.

లేట్_రెన్యువల్:
రెన్యువల్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా, ఎందుకంటే నాకు వాత పడింది. పరీక్ష మళ్లీ అక్కర్లేదు తమ్ముడూ, కానీ మూడేళ్లలో 32 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, 2,000 గంటల పని చూపించాలి, ఫీజు 100. పని గంటలు చాలామందికి ఈజీనే, నేను మధ్యలో ఏడాది సొంతూరు వెళ్లి అమ్మ దగ్గర ఉండి వచ్చినా సరిపోయాయి. చదువు గంటలే తంటా. ఆఖరి నెల వరకు ఆగి ఆన్‌లైన్‌లో ఏదో చౌకగా కనపడిందని కట్టేసి రాత్రి రెండింటి దాకా కూర్చొని 32 గంటలు లాగించా, తీరా చూస్తే ఆ స్కూలు స్టేట్ అప్రూవ్డ్ లిస్టులో లేదు. డబ్బులు పోయె, నిద్ర పోయె, మళ్లీ మొదటికి. డీఐఆర్ (ఈ సర్టిఫికేషన్ చూసే స్టేట్ డిపార్ట్‌మెంట్) సైటులో అప్రూవ్డ్ స్కూళ్ల లిస్టు ఉంటుంది, పేరు చూసుకున్నాకే కార్డు గీకు. ఏడాదికి పది పదకొండు గంటలు చేసుకుంటూ పోతే నొప్పి తెలియదు.

అడ్రస్ మారితే కూడా చెప్పు, రెన్యువల్ కాగితం పాత ఇంటికి పోతే నీకెవడూ ఫోన్ చేయడు.

మూడో_ఫేజు:
ఇంకో మాట, ఇది పరీక్షకి కాదు గానీ. అక్కడ మనకి నలుపు న్యూట్రల్, ఇక్కడ నలుపే హాట్, తెలుపు న్యూట్రల్. ఎన్నేళ్లైనా అలసిపోయిన సాయంత్రం చెయ్యి పాత అలవాటుకే పోతుంది. టెస్టర్ పెట్టకుండా ముట్టుకోకు.

ఐటీఐ_తమ్ముడు:
అక్కా అది నాకు వచ్చిన మొదటి వారమే అయ్యింది, ఫోర్‌మన్ తిట్టిన తిట్టు ఇంకా చెవుల్లో ఉంది.

అందరికీ చాలా థ్యాంక్స్. రెసిడెన్షియల్ రాయాలని ఫిక్స్ అయ్యా, ఎస్ఎస్ఏ ఫారం ఇవాళే నింపా. రాత్రి ట్యాబులన్నీ పీకేసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, 200 ఆంప్స్ బ్రేకర్‌కి గ్రౌండ్ వైరు ఎంత అని నాకు నేనే ప్రశ్న వేసుకున్నా. ఆరు నిమిషాలు పట్టింది, అది కూడా 250.66లో వెతికి 4 గేజ్ అని రాసుకున్నా. పైపు_బెండర్ అన్నా, మీరు అన్నది నిన్ననే చదివాను కదా, అయినా పడ్డా.