లేత కణాలు కూడా నీలం రంగుకు తిరుగుతున్నాయి, ఎందుకు?

మానవ చర్మపు ఫైబ్రోబ్లాస్టులను (చర్మానికి ఊతమిచ్చే కణజాలంలోని కణాలు) వరుసగా పెంచుతూ, టెలోమేర్లు (క్రోమోజోముల చివరి తొడుగులు) కురచవుతున్న కొద్దీ ఎన్ని కణాలు విభజన మానేస్తున్నాయో లెక్కిస్తున్నాను. అలా విభజన శాశ్వతంగా మానేసిన వృద్ధకణాలను గుర్తించడానికి పీహెచ్ 6.0 దగ్గర బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైము పరీక్ష వాడుతున్నాను; ఆ ఎంజైము చురుగ్గా ఉన్న కణాలు నీలంగా మారతాయి.

48 రెట్టింపులు (కణాల సంఖ్య రెండింతలైన సార్లు) దాటిన కణాలతో ఇబ్బంది లేదు. హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లో వర్ణించినట్టే విభజన ఆగిపోయింది. కణాలు చదునుగా పరుచుకున్నాయి, కేంద్రకం చుట్టూ ముదురు నీలం. చిక్కంతా 14 రెట్టింపుల దగ్గరున్న లేత కణాలతోనే. రంగు ద్రావణం వేసిన 6 గంటలకు శుభ్రంగా ఉంటాయి, 10 గంటలకు లేత నీలం మొదలవుతుంది, 16 గంటలకు మూడింట ఒక వంతు కణాల్లో సన్నని నీలి చుక్కలు కనిపిస్తాయి. ఆ కణాలు సన్నగా, కదురులాగే ఉన్నాయి, వృద్ధకణాల పోలికే లేదు. కొత్తగా తయారయ్యే డీఎన్ఏలో చేరే ఈడీయూ అనే గుర్తుతో చూస్తే నీలం పట్టినవాటిలో చాలావరకు ఇంకా డీఎన్ఏను తయారు చేస్తూనే ఉన్నాయి! ఇదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ఆ ఎంజైము చీల్చితే నీలం రంగునిచ్చే ఎక్స్‌గాల్‌ను కొత్తగా కలిపాను. పీహెచ్ మీటరు సరిచూసుకున్నాను. కార్బన్ డయాక్సైడ్ ద్రావణాన్ని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి ఆ వాయువు లేని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోనే ఉంచుతున్నాను. కిక్కిరిస్తే తప్పుడు నీలం వస్తుందని పళ్లెంలో 40 శాతం నిండగానే పరీక్షించాను. 2 శాతం ఫార్మాల్డిహైడ్, 0.2 శాతం గ్లూటరాల్డిహైడ్‌తో 5 నిమిషాలు స్థిరపరుస్తున్నాను. పీహెచ్ 7.5 దగ్గర ఏ కణానికీ రంగు రాలేదు. 6 గంటలకే ఆపేద్దామంటే వృద్ధకణాల్లోనూ సగానికే రంగు పడుతోంది.

వృద్ధకణాల రంగు తగ్గకుండా, లేత కణాల్లో ఈ నీలం రాకుండా ఉండాలంటే ముందుగా దేన్ని మార్చి చూడాలి?