పాత కంప్యూటర్లున్న చిన్న ఆఫీసు: లినక్స్‌కి మారాలా, వద్దా?

కొత్త_అడ్మిన్
మా ఆఫీసులో సగానికి పైగా కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావు. కొన్నింటిలో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదు, కొన్నింటిలో ప్రాసెసర్ పాతది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తోనే ఆగిపోయింది. మెషీన్లు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. వాటిని పక్కన పడేసి కొత్తవి కొనే బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని నా ఆలోచన. ఆ మాట వినగానే మా వాళ్లలో కొందరికి టెన్షన్ మొదలైంది. ఉత్తరాలు, స్ప్రెడ్‌షీట్లు, మెయిల్, బ్రౌజర్, మా పని దాదాపు ఇంతే. అకౌంట్స్ వాళ్ల దగ్గర మాత్రం మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాములు) రాసిన ఎక్సెల్ ఫైళ్లున్నాయి. అందరినీ ఒకేసారి మార్చేయవచ్చా? అసలు మారడం సబబేనా?

పెంగ్విన్_పక్షం
మారిపోండి. ఒకేసారి మారండి. సగం సగం మారిన ఆఫీసులో వెనక్కి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, చివరికి అందరూ అటే నడుస్తారు. మీ సమస్యే చూడండి. బాగున్న మెషీన్‌కి కాలం చెల్లిందని నిర్ణయించింది మీరు కాదు, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం అడుగుతున్నది ఆ అధికారం గురించే. ప్రోగ్రామును నచ్చినట్టు వాడుకోవడం, లోపల ఏముందో చదవడం, మార్చుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం, ఇవి వాడేవాడి హక్కులు. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ (లైవ్ యూఎస్‌బీ) నుంచి బూట్ చేసి చూడండి, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది.

లెక్కల_గది
హక్కుల మాట కాదనను. కానీ నెలాఖరున లెక్కలు తేలకపోతే మాట పడేది నేను. ఎక్సెల్ భాష వీబీఏలో రాసిన మాక్రోలు ఉచిత ఆఫీసు ప్యాకేజీ లిబ్రెఆఫీస్‌లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ఏది నడవదో ముందుగా చెప్పేవాళ్లు లేరు. లైసెన్సుకి డబ్బు కట్టనక్కర్లేదు, నిజమే. మనుషులు మళ్లీ నేర్చుకునే సమయం ఎవరి ఖాతాలో రాస్తారు? జర్మనీలోని మ్యూనిక్ నగరం సంగతి తెలిసే ఉంటుంది. 2003లో నిర్ణయం తీసుకున్నారు, 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లను లిమక్స్ అనే తమ సొంత లినక్స్‌కి మార్చారు. 2017లో అదే నగర మండలి మళ్లీ విండోస్‌కే వెళ్దామని ఓటేసింది. అంత పెద్ద నగరానికే నిలవనిది, ఐటీ విభాగమే లేని చిన్న ఆఫీసుకి నిలుస్తుందా?

పెంగ్విన్_పక్షం
లెక్కల గది గారూ, అది రాజకీయ నిర్ణయం. లినక్స్ పనిచేయక తీసుకున్నది కాదు.

లెక్కల_గది
కారణం ఏదైనా, రెండుసార్లు మారింది అక్కడి ఉద్యోగులే కదండీ. రెండుసార్లు నేర్చుకున్నదీ వాళ్లే.

సర్వర్_గది
నేను ఇలాంటి మార్పిడులు చేయించే పనిలో ఉన్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మ్యూనిక్ గురించి ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ దాని పక్కన ఫ్రాన్స్‌లోని పోలీసు దళం జాందార్మరీని పెట్టి చూడాలి. వాళ్లు 2005లో ముందుగా లిబ్రెఆఫీస్ లాంటిదే అయిన ఓపెన్‌ఆఫీస్ పెట్టారు. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, మెయిల్‌కి థండర్‌బర్డ్ తెచ్చారు. అప్పటికి కింద ఉన్నది విండోసే. మెయిల్ తెరవడం, ఫైలు సేవ్ చేయడం అందరికీ అలవాటయ్యాక, 2008 నుంచి ఉబుంటు అనే లినక్స్ పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు లక్షకు పైగా కంప్యూటర్లు అలాగే నడుస్తున్నాయి. జర్మనీలో ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో ప్రకటించిన మార్పిడిలోనూ మొదటి అడుగు లిబ్రెఆఫీసే, ఆపరేటింగ్ సిస్టమ్ వంతు తర్వాత.

ఈ వరుసే అసలు విషయమని నా గట్టి నమ్మకం. ఆఫీసులో మనిషి పొద్దంతా చూసేది ఆపరేటింగ్ సిస్టమ్‌ని కాదు, నాలుగైదు ప్రోగ్రాములనే. అన్నీ ఒకే రోజు మారితే ఏ ఇబ్బంది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టలేం, నింద మొత్తం లినక్స్ మీద పడుతుంది. ఫైలు అమరిక చెదిరినా లినక్స్ తప్పే, పాస్‌వర్డ్ మర్చిపోయినా లినక్స్ తప్పే.

అమరిక చెదరడమే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, దానికి చాలాసార్లు కారణం ఫాంట్. పత్రం క్యాలిబ్రీలో రాసి ఉంటుంది, కొత్త మెషీన్‌లో ఆ ఫాంట్ ఉండదు. దాని స్థానంలో వేరే వెడల్పున్న అక్షరాలు వచ్చి పేజీలు జరిగిపోతాయి. క్యాలిబ్రీకి బదులు కార్లిటో, కేంబ్రియాకి బదులు కెలడియా ఉన్నాయి. అవి అవే కొలతలతో చేసిన ఉచిత ఫాంట్లు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌ల స్థానంలో లిబరేషన్ ఫాంట్లు సరిపోతాయి. మార్పిడికి ముందే ఇవి పెట్టి ఉంచితే సగం గొడవ పుట్టనే పుట్టదు.

అకౌంట్స్ మెషీన్‌ని మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ విండోస్ అవసరమైతే 11 నడిచే మెషీన్‌ని వాళ్లకే ఇవ్వండి.

రాత్రి_డ్యూటీ
భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదేం? కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టి సురక్షితం అంటారు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ విషయంలో (ఫైళ్లను కుదించడానికి ఎన్నో ప్రోగ్రాములు వాడుకునే ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది) జరిగిందేమిటి? ఎవరో మారుపేరుతో రెండేళ్లకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్వాడు కాబట్టి బయటపడింది. లేకపోతే?

సర్వర్_గది
ఆ భయం సరైనదే, చిన్నచూపు చూడను. అయితే అది ఎలా బయటపడిందో కూడా చూడండి. ఆయన ఎక్స్‌జెడ్‌ని రాసినవాడు కాదు, దాని నిర్వహణతో సంబంధమే లేదు. అయినా లోపలిదాకా వెళ్లి చూడగలిగాడు. మూసి ఉన్న ప్రోగ్రాములో బయటివాడు అంత దూరం వెళ్లడం చాలా కష్టం. ఇంకో సంగతి, చాలావరకు స్థిరమైన విడుదలలకు అది చేరకముందే పట్టుబడింది. మీలాంటి ఆఫీసుకి దీర్ఘకాలిక సపోర్ట్ ఉన్న విడుదల చాలు, అందరికంటే ముందు కొత్తది పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ప్రపంచం మొత్తం ఆనుకున్న ఆ లైబ్రరీని చూసుకుంటున్నది దాదాపుగా ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. మానసిక ఆరోగ్యం బాగోలేదని ఆయన మెయిల్‌లో రాస్తే, తొందరపెట్టినవాళ్లే కనిపించారు. లైసెన్సు డబ్బు మిగిలితే అందులో కొంతైనా మీరు వాడే ప్రాజెక్టుకి పంపండి. ఇది ప్రతి మార్పిడి బడ్జెట్‌లోనూ ఒక లైనుగా ఉండాలని నేను పట్టుబడతాను.

లెక్కల_గది
ఆ లైను నేనే రాసిస్తాను. కానీ ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, ఈ మూడూ పరీక్షించకుండా ఒక్క మెషీన్ కూడా మార్చకండి. టోకెన్ డ్రైవర్ లినక్స్‌కి దొరక్కపోతే సంతకాల పని ఆగిపోతుంది.

కొత్త_అడ్మిన్
అందరికీ ధన్యవాదాలు. ఈ నెల ఉన్న విండోస్‌లోనే లిబ్రెఆఫీస్, థండర్‌బర్డ్ పెడుతున్నాను, ఫాంట్లతో సహా. ఇష్టపడి ముందుకొచ్చిన ఇద్దరి మెషీన్లకు తర్వాత లినక్స్ మింట్. అకౌంట్స్ వాళ్లని కదపను. ఒక సందేహం మిగిలింది, కొత్త ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయించాలి?

పెంగ్విన్_పక్షం
ఓడీఎఫ్, అంటే ఓపెన్‌డాక్యుమెంట్ ఫార్మాట్. 2006 నుంచే ఐఎస్‌ఓ ప్రమాణం. ఒకేసారి మారాలన్న నా మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను, కానీ ఈ ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే పెట్టండి. బయటివాళ్లకి పంపేటప్పుడు పీడీఎఫ్ ఇవ్వండి.

లెక్కల_గది
మా మాక్రో ఫైళ్లు తప్ప. వాటిని లిబ్రెఆఫీస్‌లో తెరిచి సేవ్ చేయవద్దని ఆ ఇద్దరికీ ముందే చెప్పండి.