అప్‌డేట్: జీ తీగ శ్రుతిలో నిలుస్తోంది, ట్యూనర్లు మార్చలేదు

ట్రెమొలో బార్ (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే కడ్డీ) నొక్కి వదిలిన ప్రతిసారీ నా స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్‌లో జీ (మూడో) తీగ శ్రుతి తప్పుతోందని, లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టే శ్రుతి మరలు) వేయించాలా అని ఇంతకుముందు అడిగాను. ఆ అవసరం పడలేదు, ఎందుకంటే లోపం నట్‌లో, అంటే మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీలో ఉంది.

గిటార్‌తో వచ్చిన 9-42 తీగల సెట్ తీసి, దానికన్నా లావైన 10-46 వేయించుకున్నాను (ఈ అంకెలు సెట్‌లో అతి సన్నని, అతి లావు తీగల మందాలు). దాంతో జీ తీగ అంగుళంలో వెయ్యింట 16 వంతుల నుంచి 17కు, డీ తీగ 24 నుంచి 26కు లావెక్కగా, నట్ గాళ్లు పాత కొలతలోనే ఉండి తీగను పట్టేస్తున్నాయి. ట్యూనర్ తిప్పుతుంటే తీగ కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా టిక్కుమని జారడమే దానికి గుర్తు. తిరుపతిలో నగల పని చేసే పరిచయస్థుడి దగ్గర సన్నని ఆకురాయి తీసుకుని, లోతు పెరగకుండా గాడి పక్కలను మాత్రమే, హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల భాగం) వైపు కొద్దిగా వాలుగా రాశాను. లోతు పెరిగితే వేలు పెట్టకుండా మీటిన తీగ మొదటి ఫ్రెట్‌కు, అంటే మెడపై అడ్డంగా ఉండే మొదటి లోహపు కడ్డీకి తగిలి జరజరలాడుతుంది కనుక ఇక్కడ తొందర పనికిరాదు. ఆపై 2బి పెన్సిల్ పొడిని గాళ్లలోనూ, స్ట్రింగ్ ట్రీ (తీగలను హెడ్‌స్టాక్‌కు దగ్గరగా నొక్కి ఉంచే కొక్కెం) కిందా రుద్ది, ట్యూనర్లను పట్టి ఉంచే వదులైన మర నట్లను స్పానర్‌తో బిగించాను.

లాకింగ్ ట్యూనర్లు సూచించినవారికి నా మనవి: అవి ట్యూనర్‌కు చుట్టిన తీగ చుట్ల వదులును తగ్గిస్తాయి, తీగ మార్చడాన్ని సులువు చేస్తాయి గాని నట్ దగ్గరి రాపిడిని తీర్చలేవు.

బార్ పూర్తిగా నొక్కి వదిలితే బీ తీగ ఇంకా కాస్త హెచ్చుగా పలుకుతోంది, అందుకు తీగ సులువుగా జారేలా చిన్న చక్రాలుండే రోలర్ స్ట్రింగ్ ట్రీ వేసి చూస్తాను.