1.ఈ4 రెపర్టాయర్: 64 చాప్టర్లు నిండాయి, అయినా ఆరో ఎత్తుకే బయటికి వచ్చేస్తోంది

కిన్నెరసాని, గురువారం రాత్రి 2:20
నమస్తే అందరికీ. రాత్రి పది గంటల నుంచి ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాను, బుర్ర పనిచేయడం లేదు. తెల్లపావులతో 1.ఈ4 కి (రాజు ముందు బంటు రెండు గడులు) పూర్తి రెపర్టాయర్, అంటే అవతలివాళ్లు ఏం ఆడితే ఏం ఆడాలో రాసుకునే జాబితా, తయారు చేస్తున్నాను. ఒక స్టడీలో (ఎత్తులు దాచుకునే ఆన్‌లైన్ నోట్‌బుక్) 64 చాప్టర్లకు మించి పెట్టనివ్వదు, అవి నిండిపోయాయి. సిసిలియన్‌కే (నల్లవాడు 1...సి5 ఆడితే) 31 అయ్యాయి. దాని శాఖలు నైడోర్ఫ్, డ్రాగన్, తైమనోవ్, స్వెష్నికోవ్ అన్నీ పెట్టాను. ఇటాలియన్‌కి 14. ప్రతి లైనూ కంప్యూటర్ ఇంజిన్‌తో పదిహేనో ఎత్తు దాకా సరిచూశాను. ఇంత చేసినా ఆటలో ఆరో ఎత్తుకే ప్రిపరేషన్‌లోంచి బయటికి వచ్చేస్తోంది. మొన్నటి రెండు ఆటలూ అలాగే పోయాయి. ఇంకో స్టడీ మొదలుపెట్టాలా, ఉన్నవాటిలోనే ఏవైనా తీసేయాలా? ఆదివారం లోపు తేలాలి. తెలిసినవాళ్లు చెప్పండి, పుణ్యముంటుంది.

టచ్‌మూవ్, 2:31
రేటింగ్ ఎంత? టైమ్ కంట్రోల్ ఏంటి? నల్లపావులవాళ్లు ఏం ఆడితే మీరు ఓడిపోయారు? ఇవి లేకుండా చెప్పలేం.

కుర్రగుర్రం, 2:44
అన్నా, 31 చాప్టర్లు ఎందుకు? సిసిలియన్‌కి స్మిత్-మోరా ఆడెయ్. 1.ఈ4 సి5 2.డి4, వాడు డి4 కొడతాడు, 3.సి3. బంటు ఇచ్చేసి గుర్రాలు, బిషప్‌లు అన్నీ బయటికి తెచ్చేస్తావు. ఆ తర్వాత బిషప్ సి4, నైట్ ఎఫ్3 పెట్టాక వాడు డి6, నైట్ ఎఫ్6 ఆడాడంటే 7.ఈ5 తోసెయ్. ఆ బంటు కొట్టాడా, క్వీన్లు మార్చుకుని నైట్ బి5. సి7 లో చెక్ ఆపలేక ఏడుస్తాడు. నేను కాలేజీ టోర్నమెంట్‌లో ఇదే ఆటతో మూడు పాయింట్లు కొట్టాను. డానిష్, కింగ్స్ గాంబిట్ కూడా చూడు.

పాతబోర్డు, ఉదయం 5:50
నమస్కారమండీ. ముప్పయ్యేళ్లుగా పిల్లలకు ఆట నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను, మీ జబ్బు ఓపెనింగ్‌లో లేదు. పదిహేనో ఎత్తు దాకా కంఠతా పట్టినవారిని ఒక రాజు, ఒక బంటు మిగిలిన స్థితిలో కూర్చోబెట్టి చూడండి. ఎదురెదురుగా రాజులు నిలబడ్డప్పుడు ఎవరి వంతు అయితే ఎవరికి లాభమో చెప్పలేక తడబడతారు. ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా ముందు ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) నేర్చుకోమనే చెప్పాడు. ఏనుగూ బంటూ ఉన్న ఆటలో మూడో వరుస కాపు కాయడం రాకపోతే బంటు తక్కువైనప్పుడు డ్రా ఎలా చేసుకుంటారు? రోజూ అరగంట రాజు-బంటు, అరగంట ఏనుగులు. ఓపెనింగ్‌కి పావుగంట చాలు. మధ్యలో శకటు ఉన్న ఆటలు కూడా చూడండి, ఒకే రంగు శకటులు, వేర్వేరు రంగు శకటులు. డ్రా అయ్యే ఆటేదో, గెలిచే ఆటేదో అక్కడే కళ్లు తెరుచుకుంటాయి.

కుర్రగుర్రం, 6:15
మాస్టారూ, శకటు అంటే రూకా?

పాతబోర్డు, 6:22
కాదు బాబూ. శకటు అంటే ఐమూలగా నడిచేది. మూల గడిలో నిలబడేది ఏనుగు.

తెనాలిఎత్తు, 6:40
మా తాతగారింట్లో ఐమూలగా నడిచేదాన్ని ఒంటె అనేవారు. శకటం అంటే బండి కదా, బండి తిన్నగా పోవాలి గానీ ఐమూలగా పోదు అని ఆయన వాదన. ఆ పాత పద్ధతిలో మొదటి ఎత్తులో కూడా బంటు ఒక్క గడే కదిలేది. రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రం దూకుడు ఉండేది, అదీ అప్పటిదాకా చెక్ తగలకపోతేనే. ఆ రూలుతో ఆడితే ఈ4 కి రెండు ఎత్తులు పట్టేది, ఈ రెపర్టాయర్ గొడవే ఉండేది కాదు. నాకు ఆ ఆటంటే ఇప్పటికీ ప్రాణం.

టచ్‌మూవ్, 7:05
బిషప్ అనండి, అందరికీ అర్థమవుతుంది. ప్రశ్న ఈ4 గురించి.

మూడోబోర్డు, 8:10
కిన్నెరసాని గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ‘బయటికి వచ్చేస్తోంది’ అన్నారు. వచ్చేస్తోంది ఎవరండీ? మీరేనా ఆడేది?

కిన్నెరసాని, 8:35
అయ్యో, రాయలేదా? మా పాప అండి. ఐదో తరగతి. ఆదివారం అండర్-11 బాలికల జిల్లా సెలెక్షన్స్. రేటింగ్ ఇంకా రాలేదు. ఇక్కడ కోచ్ లేరు, నేనే యూట్యూబ్ చూసి నేర్పిస్తున్నాను. నాకు ఆడటం ఓ మాదిరిగా వచ్చు.

మూడోబోర్డు, 8:41
పదేళ్ల పిల్లకి నైడోర్ఫ్ మీద చాప్టర్లా? ఇప్పటిదాకా ఆడిన టోర్నమెంట్లలో ఎవరైనా నైడోర్ఫ్ ఆడారా అండీ? స్కోర్‌షీట్లు ఉంటే తీసి లెక్కపెట్టండి. తెల్లపావులతో ఆడినవి మాత్రమే చాలు. 1.ఈ4 కి అవతలివాళ్లు ఏం ఆడారో వరసగా రాయండి.

కిన్నెరసాని, 9:20
18 స్కోర్‌షీట్లు దొరికాయి. 11 ఆటల్లో ఈ5. ఫ్రెంచ్ (1...ఈ6) మూడు, సిసిలియన్ రెండు, కారో-కాన్ ఒకటి, స్కాండినేవియన్ ఒకటి. నైడోర్ఫ్ ఒక్కసారి కూడా రాలేదు. ఈ5 ఆటల్లో బాగానే ఆడింది. ఫ్రెంచ్ మూడూ ఓడిపోయింది. మొన్నటి రెండూ ఫ్రెంచే.

టచ్‌మూవ్, 9:24
ఇది మొదటే చెప్పాల్సింది. ఫ్రెంచ్ ఎత్తులు పెట్టండి.

కిన్నెరసాని, 9:48
1.ఈ4 ఈ6 2.డి4 డి5 3.ఈ5 సి5 4.సి3 నైట్ సి6 5.నైట్ ఎఫ్3 క్వీన్ బి6 6.బిషప్ డి3, నల్ల బంటు డి4 కొట్టింది, పాప సి బంటుతో తిరిగి కొట్టింది, 7...బిషప్ డి7 8.క్యాసిల్, నైట్ డి4 కొట్టాడు, నైట్‌తో కొట్టింది, క్వీన్ డి4 కొట్టాడు. బంటు పోయింది. రెండు ఆటల్లోనూ ఇదే. తొమ్మిదో ఎత్తు రాసిన చోట పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కిందో, కాగితం చిరిగి కింది షీటు మీద కూడా గుంట పడింది. ఇంటికొచ్చాక ‘నాన్నా, నువ్వు చెప్పిన చోటే పెట్టానుగా బిషప్‌ని’ అంది. నాకు సమాధానం లేదు. ఇంజిన్ అయితే అంత ప్రమాదమేమీ లేదన్నట్టే చూపిస్తోంది.

మూడోబోర్డు, 10:15
ఇప్పుడు దొరికింది. ఇది మిల్నర్-బ్యారీ గాంబిట్. పాప తెలియకుండానే గాంబిట్ ఆడేసింది. బంటు ఇచ్చానని తెలిసి ఆడేవాళ్లు 10.నైట్ సి3 ఆడి నల్ల క్వీన్‌ని తరుముతూ దాడి చేస్తారు. బంటు పోగొట్టుకున్నానని దిగులుపడిన పిల్ల ఆ దాడి చేయలేదు. ఇంజిన్‌కి దిగులుండదు, అందుకే మీకు ఏమీ కనిపించలేదు.

బోర్డు మీద ఇలా చూపించండి. బిషప్ డి3 లో ఉంటే డి గీత మూసుకుపోతుంది, డి1 లోని క్వీన్ డి4 బంటుని కాయలేదు. కాపు కాసేది ఎఫ్3 గుర్రం ఒక్కటే, కొట్టేది గుర్రమూ క్వీనూ, ఇద్దరు. మరి ఏడో ఎత్తులోనే నల్లవాడు ఎందుకు కొట్టలేదు? అప్పుడు కొట్టి ఉంటే గుర్రాలు మారాక క్వీన్ డి4 కి వస్తుంది, బిషప్ బి5 చెక్! గీత తెరుచుకుని నల్ల క్వీన్ పోతుంది. అందుకే ముందు బిషప్ డి7 పెట్టాడు. ఇక బి5 లో చెక్ లేదు, బంటు నిజంగానే పోతుంది. ఈ ఒక్క ఎత్తు తేడా పాప కళ్లతో చూస్తే ఈ జన్మలో మర్చిపోదు.

ఆదివారానికి ఆరో ఎత్తులో బిషప్ డి3 బదులు 6.ఏ3 ఆడించండి. తర్వాత బి4 తోయడం, బిషప్ బి2 పెట్టి డి4 ని వెనక నుంచి కాయడం. నల్లవాడు నైట్ హెచ్6, ఎఫ్5 కి తెచ్చి మూడో పావుతో డి4 మీద పడతాడు, అప్పటికి మన కాపలా కూడా మూడవుతుంది. బిషప్ ఈ2 లో కూర్చుంటుంది, గీత మూయదు.

పాతబోర్డు, 10:50
మంచి వివరణ. బంట్ల గొలుసును దాని మొదలు దగ్గర, అంటే అడుగున, కొట్టాలని పాతకాలపు మాస్టర్ నిమ్జోవిచ్ అప్పుడే చెప్పాడు. సి5 తో నల్లవాడు చేస్తున్నది అదే. ఎండ్‌గేమ్ సంగతి మాత్రం మరవకండి.

ఫ్రిస్కోరాజు, 11:30
నిద్రపోయే ముందు చూశాను. రెండు రోజుల్లో కొత్త లైను ఎందుకండీ? 3వ ఎత్తులో డి5 కొట్టేసి ఎక్స్‌చేంజ్ ఆడించండి. నైట్ ఎఫ్3, బిషప్ డి3, క్యాసిల్, రూక్ ఈ1. మా వాడికి అదే నేర్పాను, ఎనిమిదేళ్ల పిల్లలు కూడా తప్పు చేయరు.

కుర్రగుర్రం, 11:34
ఎక్స్‌చేంజ్ ఆడితే డ్రానే అంకుల్.

ఫ్రిస్కోరాజు, 11:37
పిల్లల ఆటలో డ్రా ఎక్కడుంటుందయ్యా? ముప్పయ్యో ఎత్తులో ఎవరో ఒకరు ఒక పావు వదిలేస్తారు.

మూడోబోర్డు, మధ్యాహ్నం 1:05
ఎక్స్‌చేంజ్ తప్పు కాదు. నేను అడ్వాన్స్ (3.ఈ5) ఎందుకు అంటున్నానంటే సిసిలియన్ భారం కూడా దీంతోనే తగ్గుతుంది. కిన్నెరసాని గారూ, ఆ 31 చాప్టర్లు మూసేసి సిసిలియన్‌కి 2.సి3 పెట్టండి, అలాపిన్. నల్లవాడు 2...డి5 అంటే కొట్టుకున్నాక 4.డి4. 2...నైట్ ఎఫ్6 అంటే 3.ఈ5 నైట్ డి5 4.డి4. 2...ఈ6 అన్నాడా, 3.డి4 డి5 4.ఈ5. ఇప్పుడు బోర్డు చూడండి, మీ ఫ్రెంచ్ నాలుగో ఎత్తు తర్వాతి పొజిషనే అది, ఒక్క బంటు కూడా తేడా లేదు. సి3, డి4, ఈ5 మూడు బంట్ల వరస. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుంది. గ్రాండ్‌మాస్టర్ స్వెష్నికోవ్ ఈ రెండూ దశాబ్దాల పాటు ఆడాడు. కారో-కాన్‌లో కూడా 3.ఈ5 తోస్తే దాదాపు అదే బంట్లు.

నేను చిన్నప్పుడు పేర్లను బట్టి నోట్‌బుక్ రాసుకునేదాన్ని, ఒక్కో డిఫెన్స్‌కి ఒక్కో నోట్‌బుక్. బంట్ల వరసను బట్టి రాసుకోవడం మొదలుపెట్టాక నోట్‌బుక్కులు ఏడు కాస్తా రెండయ్యాయి.

కుర్రగుర్రం, 1:20
అలాపిన్ పిరికి ఆట అక్కా. ఓపెన్ సిసిలియన్ ఆడితేనే ఆట వస్తుంది. మన హనుమకొండ అర్జున్ ఒక్క ఓపెనింగ్‌కి కట్టుబడి ఉంటాడా? ఏదైనా ఆడతాడు.

టచ్‌మూవ్, 1:26
గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ ఫిడే రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. ఈ పాప అన్‌రేటెడ్.

తెనాలిఎత్తు, 1:50
ఇటాలియన్‌లో 3...నైట్ ఎఫ్6 కి కూడా చాప్టర్లు పెట్టారా? అది ఇటాలియన్ కాదు, టూ నైట్స్ డిఫెన్స్. పేర్లు కలిపేయకండి, పాప రేపు పుస్తకంలో వెతికితే దొరకదు.

కుర్రగుర్రం, 1:58
బిషప్ సి4 పెడితే అంతా ఇటాలియనే. ఆ నైట్ ఎఫ్6 కి 4.నైట్ జి5 ఆడితే ఎఫ్7 మీద పడొచ్చు.

తెనాలిఎత్తు, 2:10
డి5 కొట్టాక నైట్ ఏ5 అంటే నీ బిషప్ పరుగెత్తాలి. అది తెలిసిన పిల్లలు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. పేరు మాత్రం టూ నైట్సే.

మూడోబోర్డు, 2:25
పేరు ఏదైనా పాప రెండింటికీ సి3, డి3 పెట్టి, క్యాసిల్ చేసి, రూక్ ఈ1, నైట్ డి2 నుంచి ఎఫ్1, జి3 కి తెస్తే చాలు. ఈ5 లో ఓడిపోవడం లేదు కాబట్టి దాన్ని కదపకండి. ఒక్కటి మాత్రం చూపించండి, పెట్రోఫ్: 2...నైట్ ఎఫ్6 3.నైట్‌తో ఈ5 కొడితే వాడు వెంటనే ఈ4 కొట్టేస్తాడు, అప్పుడు 4.క్వీన్ ఈ2. గుర్రం వెనక్కి తీశాడా, నైట్ సి6, లేచిన చెక్కు, క్వీన్ మనది. పిల్లల టోర్నమెంట్లలో ఇది వస్తూనే ఉంటుంది.

కిన్నెరసాని, శుక్రవారం రాత్రి 9:15
సిసిలియన్ చాప్టర్లు 31 తీసేసి మూడు పెట్టాను. స్కూల్ నుంచి రాగానే ల్యాప్‌టాప్ తెరవకుండా బోర్డు మీదే డి4 బంటుకి ఎవరెవరు కాపలా ఉన్నారో లెక్కపెట్టించాను. బి5 చెక్ చూపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే నల్లపావులు తీసుకుని నాతో ఆ ఆట ఆడి నా బంటు కొట్టేసింది. ఇప్పుడు 6.ఏ3 కి వాడు సి4 తోస్తే బి4 ఎలా తోస్తాం అని అడుగుతోంది. నాకు తెలియలేదు.

మూడోబోర్డు, 9:32
మంచి ప్రశ్న అడిగింది. సి4 తోస్తే డి4 మీద ఒత్తిడి పోయినట్టే, సి5 బంటు ముందుకెళ్లిపోయింది కదా. ఇక బి4 తోయక్కర్లేదు. నైట్ బి నుంచి డి2, బిషప్ ఈ2, క్యాసిల్, తర్వాత రాజు వైపు ఆడమనండి. మధ్య మూసుకుంది, తొందర లేదు.

పాతబోర్డు, 9:40
రేపు కొత్తదేదీ చూపించకండి. రాత్రి త్వరగా పడుకోబెట్టండి.

కిన్నెరసాని, 9:58
సరే అండి. థాంక్స్ అందరికీ. పొద్దున్నే బస్సు, స్కోర్‌షీట్లు తర్వాత పెడతాను.

కుర్రగుర్రం, 10:20
అక్కా, పిర్క్‌కి (1...డి6) ఏం ఆడతావు? 4.ఎఫ్4 ఆ, బిషప్ ఈ3 ఆ?